మూలస్థాపన సూత్రానికి తెనాలి టీక

మూలము: యద్వినా నేతరప్రాప్తి స్తదేవ మూలస్థాపనమ్.

ప్రతిపదార్థము: యత్ వినా = ఏది లేనిచో; ఇతర = తక్కినవాని యొక్క, అనగా ఆటలు, పాటలు, ట్యాలీ మొదలగువాని యొక్క; ప్రాప్తిః న = దొరకుట కలుగదో; తత్ ఏవ = అదియే, మరొకటి కాదు; మూలస్థాపనమ్ = ఆపరేటింగ్ సిస్టముతో కూడ వచ్చు తొలి ఇన్‌స్టాలేషను.

తాత్పర్యము: కొత్త కంప్యూటరులో ఏది ముందే ఉండాలి, ఏది యజమాని తర్వాత వేసుకోవాలి అన్న తగవుకు ఇది తీర్పు. దృష్టాంతం రేపల్లె. అక్కడితో పట్టాలు ఆగిపోతాయి కనుక, రైల్లో బాపట్ల వెళ్ళాలన్నా బెజవాడ వెళ్ళాలన్నా ముందు తెనాలి చేరాలి. ఆ లైను మూలస్థాపన. జంక్షనులో ఏ బండి ఎక్కాలన్నది ప్రయాణికుడి ఇష్టం. ప్రమాణం డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నియమం కొద్దీ వైఫై ఫర్మ్‌వేర్లు చాలావాటిని అధికారిక ఇన్‌స్టాలరు బయట ఉంచితే, వాటిని దింపుకోవడానికే వైఫై కావలసి వచ్చింది. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి నియమం సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలరులో అవి చేరాయి. తెలుగు లిపి సంగతీ ఇంతే. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది గాని, కంట్రోల్ ప్యానెల్లో ఒకచోట టిక్కు పెట్టి, సీడీ మళ్ళీ ఎక్కిస్తే తప్ప తెలుగు కుదురుకునేది కాదు. ఆ టిక్కు ఎక్కడ పెట్టాలో తెలుగులో రాసి పంపినా, చదువరికి తెర మీద కనబడేవి డబ్బాలే. కాబట్టి యూనికోడ్ ఫాంటు, వత్తులూ గుణింతాలూ కూర్చే యంత్రాంగం, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మూలంలోనివే.

పూర్వపక్షము, సమాధానము: అడిగినవన్నీ చేరిస్తే మూలం ఉబ్బిపోదా అంటారు. ఫాంటు బరువు ఫోనులో తీసిన ఒక్క ఫోటోకు తూగదు. పైగా సూత్రంలో 'ఏవ' ఊరికే లేదు. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో తెనాలి రామకృష్ణ పేరిటిదీ ఒకటుంది. ఊరి అభిమానం ఎంతున్నా, చదువుకోవడానికి ఒక ఫాంటు వచ్చాక అది అలంకారమే, బయట ఉండాల్సిందే. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు పాతుకుపోయాయి, వాడుకే ప్రమాణం కాదా అంటారు. కాదు. అనులో కొట్టిన పాత మేటరు ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిరాత అవుతుంది. పైగా వృత్తికి కావలసింది వృత్తివాళ్ళు ఎలాగూ వేసుకుంటారు. మూలం తలచుకోవాల్సింది వేసుకోలేనివాణ్ణి. ఇంగ్లీషు వచ్చిన కుర్రాడు పక్కనుంటే చాలదా అన్నది చివరి ఆక్షేపం. చాలు. అయితే అతను లేనిదే ఇతరప్రాప్తి లేదు కనుక, సూత్రప్రకారం కంపెనీవారు అతణ్ణి కూడా అట్టపెట్టెలో పెట్టి పంపాలి. ఫాంటే చవక.