చెవులు మూసుకుని వినే కథలు

విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పుడు ఏ షెడ్డులోకి వెళ్లినా కుర్రాళ్ల చెవుల్లో తెల్లటి బడ్స్ దిగేసి ఉంటాయి. పిలిస్తే పలకరు. వెళ్లి భుజం తట్టాలి. మా రోజుల్లో మేస్త్రీ ఒకసారి నోటితో పిలిచేవాడు. రెండోసారి పిలవాల్సొస్తే చేతికందిన స్పానర్‌తో పిలిచేవాడు.

చెవి మాకు పనిముట్టు. లారీ గేటు దాటి లోపలికొస్తుండగానే ఆ చప్పుడుకి మా గురువుగారు తలెత్తి చూసేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ బ్లాకుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవారు. లోపల బేరింగు కొట్టుకుంటోందా, ట్యాపెట్ వదులైందా అన్నది ఆయన నోట్లోంచి వచ్చాకే మేం రెంచి పట్టుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి కొత్తగా వచ్చేవన్నీ బీఎస్-6 బళ్లే. స్కానర్ తగిలిస్తే తెర మీద కోడ్ పడుతుంది, సెన్సర్ మార్చి పంపించేస్తారు. సెన్సర్ పోతే చెవికేం వినపడుతుంది లెండి, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ పని తప్పిన చెవిని ఊరికే ఉంచడం చేతగాక అందులోకి ఏదో ఒకటి పోసుకుంటున్నారు.

ఆ పోసుకోవడం నా దాకా వచ్చింది. అమెరికాలో ఉన్న మా మనవడు నా ఫోన్లోకి ఒక ఆడియో పుస్తకం పంపాడు. హెచ్.జి. వెల్స్ ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’కి తరువాయి కథ. స్టీఫెన్ బాక్స్‌టర్ రాసిన ‘ది మాసకర్ ఆఫ్ మ్యాన్‌కైండ్’.

వెల్స్ పుస్తకం పాలిటెక్నిక్‌లో ఉండగా ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లో కొన్నాను. అట్ట లేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఇంగ్లండులో వోకింగ్ పక్కన ఒక బీడులో ఆకాశం నుంచి సిలిండర్ పడుతుంది. దాని మూత లోపల్నించి ఒక్కో చుట్టే మర తిరుగుతూ ఊడుతుంది. మర ఊడటం అనేదానికి అంత భయపడొచ్చని నాకప్పుడే తెలిసింది. 1898లో అచ్చయిన పుస్తకం చూడండి! ఆ సిలిండర్లో వచ్చిన అంగారకుల యంత్రాలు మూడు కాళ్ల మీద నడుస్తాయి, వాటిల్లో చక్రమన్నదే లేదని వెల్స్ పనిగట్టుకుని రాశాడు. ఈ సంగతి చెబితే గురువుగారు కాసేపు ఆలోచించి, “అయితే పంక్చర్ల గొడవ లేదన్నమాట” అన్నారు. చివరికి ఫిరంగులకి లొంగని వాళ్లని కంటికి కనపడని సూక్ష్మజీవులు చంపేస్తాయి. అక్కడితో కథ అయిపోయింది. శుభ్రంగా అయిపోయింది.

అయిపోయిన కథని మళ్లీ తెరవడం ఎందుకని నా గొడవ. ఈ రోగం ఇవాళ్టిది కాదులెండి. పుస్తకం వచ్చిన 1898లోనే గారెట్ సర్విస్ అనే అమెరికా ఆయన, వెల్స్‌ని అడక్కుండానే, ఎడిసన్‌ని నాయకుణ్ణి చేసి అంగారకుడి మీదికి దండయాత్రకి పంపించాడు. బాక్స్‌టర్ అలా కాదు, వెల్స్ వారసుల అనుమతి తీసుకున్నాడు. వెల్స్ పోయింది 1946లో. బ్రిటన్‌లో 70 ఏళ్ల లెక్కన కాపీరైటు 2016 ఆఖరుతో తీరింది, ఈ పుస్తకం 2017లో వచ్చింది. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఇందులో అంగారకులు 1920లో మళ్లీ దిగుతారు, ఈసారి క్రిముల సంగతి చూసుకునే వస్తారు. కథ చెప్పేది జూలీ ఎల్ఫిన్‌స్టోన్. పాత పుస్తకంలో జనం లండన్ వదిలి పారిపోతుంటే దొంగల మీదికి రివాల్వర్ పేల్చిన పిల్ల ఈవిడే. ఆవిడ నాకు నచ్చింది, అబద్ధమెందుకు. నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. వెల్స్ తన కథకుడికి పేరు పెట్టలేదు. పేరు లేదు కాబట్టే ఆ బీడులో గుంట అంచున నిలబడి మర ఊడటం చూసినవాణ్ణి నేనే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆయన పేరు వాల్టర్ జెంకిన్స్ అట, మనసు చెదిరిన మనిషట, రాసిందంతా నమ్మడానికి లేదట! నన్ను అక్కణ్ణించి లేపేశారు.

పాత ఛాసిస్ మీద కొత్త బాడీ కట్టడమంటే మా ఆటోనగర్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. బాడీ ఎంత పొడుగుండాలో ఛాసిస్సే చెబుతుంది. వెనక్కి మరీ సాగదీస్తే లోడెక్కినప్పుడు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టదు. వెల్స్ ఛాసిస్ చిన్నది, లండన్ చుట్టుపక్కలే తిరిగింది. బాక్స్‌టర్ భూగోళమంతా దాని మీదికెక్కించాడు. సగం దాటాక నాకు స్టీరింగ్ తేలిపోయినట్టే అనిపించింది.

ఈ మాట టీకొట్టు దగ్గరంటే, తెలుగు లెక్చరర్‌గా రిటైరైన మా బావగారు పట్టుకున్నారు. “నన్నయ అరణ్యపర్వంలో ఆపేస్తే తిక్కన విరాటపర్వం ఎత్తుకోలేదా? మిగిలిన ముక్క ఎఱ్ఱన పూర్తి చెయ్యలేదా?” అన్నారు. “అది ఆగిపోయిన బండి బావగారూ, తొయ్యక తప్పదు. ఇది షెడ్డు చేరిన బండి” అన్నాను. ఊరుకుంటారా? “మరి తిక్కనే నిర్వచనోత్తర రామాయణం రాశాడే?” అన్నారు. రాశాడు, కాదనను. కానీ మా అమ్మ పట్టాభిషేకం దగ్గర హారతిచ్చి పుస్తకం మూసేసేది. ఉత్తరకాండ మా ఇంట్లో చదవనిచ్చేది కాదు. తిక్కన కన్నా మా అమ్మ మాటే నాకెక్కువ.

వినడమంటే మాకు రేడియో. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం. పోస్టాఫీసులో రేడియోకి లైసెన్సు కట్టే రోజులు. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారు రామాయణమో భారతమో చెబుతుంటే పటమటలో ఈ చివర ఇంట్లో విడిచిన వాక్యాన్ని ఆ చివర ఇంటి దగ్గర అందుకుంటూ నడిచేవాళ్లం. నాటకంలో నండూరి సుబ్బారావు గారి గొంతు పలికితే వీధి వీధంతా ఒకేసారి నవ్వేది. మధ్యలో కరెంటు పోతే ట్రాన్సిస్టర్ ఉన్న ఇంటికి పరుగు. అక్కడా దొరక్కపోతే మర్నాడు షెడ్డులో తలా ఒక ముక్క చెప్పి కథ పూర్తిచేసేవాళ్లు. ఎవడి ముక్క వాడిదే, రెండు ముక్కలు ఒకలా ఉండేవి కావు.

మా మనవడు ఫోన్లో ఏమన్నాడో తెలుసా? “ఒకటిన్నర స్పీడులో పెట్టుకో తాతయ్యా, త్వరగా అయిపోద్ది.”

“అయిపోడానికి కాదురా వినేది.”

“మళ్లీ వినాలంటే వెనక్కి జరుపుకోవచ్చుగా.”

జరుపుకోవచ్చు. అందుకే ఎవడూ ఒళ్లు దగ్గర పెట్టుకుని వినడు. ఉషశ్రీ గారిని వెనక్కి జరిపే వీల్లేదు. ఆ వాక్యం పోతే పోయినట్టే, అందుకే అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఆగిపోయేది.

చెవుల్లో ఆ గింజలు నాకు నిలబడవు, జారిపోతాయి. అందుకని నిన్న ఫోను బెంచీ మీద పెట్టి స్పీకర్ ఆన్ చేశాను. వెల్డింగ్ కుర్రాడొకడు చెవిలోంచి ఒక బడ్ తీసి, “ఏంటి మేస్త్రీ అది?” అన్నాడు. చెప్పాను. మొదటి కథ కూడా చెప్పాల్సొచ్చింది, మర ఊడటం దగ్గర్నుంచీ. రెండో బడ్ కూడా తీశాడు. లేత్ దగ్గర వాడూ వచ్చి నిలబడ్డాడు. క్రిములతో చచ్చారని చెప్పగానే, “అయిపోయిందిగా, మళ్లీ ఇదెందుకు?” అన్నాడు.

నేనూ అదే అంటున్నాను. బాక్స్‌టర్‌ని ఆపేసి లారీ కింద దూరాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడే మళ్లీ అడిగాడు, అంగారకుల బండికి చక్రాల్లేకపోతే మలుపు ఎలా తిరుగుద్దని. దాని మీద సాయంత్రం దాకా షెడ్డులో ఎవరూ పని సరిగ్గా చెయ్యలేదు. జీతం మాత్రం పూర్తిగానే ఇచ్చాను.