పులిని లెక్కపెట్టొచ్చు, చూడటమే కష్టం

నాలుగేళ్లకోసారి దేశమంతటా పులుల లెక్క తీస్తారు. అంత అడవి తిరగడానికి ఉన్న సిబ్బంది ఏ మూలకూ చాలరు. అందుకని ఊళ్లల్లోని ఔత్సాహికులను వాలంటీర్లుగా పిలుస్తుంటారు. జీతం లేదు, పడక ఎక్కడ దొరికితే అక్కడ, ఫోనుకు సిగ్నల్ ఉండదు, పులి కనిపిస్తుందన్న హామీ అసలే లేదు. ఇంత విన్నాక కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, జువాలజీ చదివే పిల్లలు, రిటైరైన లెక్కల మాస్టార్లు సెలవులు పెట్టుకుని మరీ వస్తారు. మనిషి ఆశ అలాంటిది.

హైదరాబాద్ నుంచి నల్లమలకు బయలుదేరే సగటు వాలంటీరును దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఒంటి మీద పద్నాలుగు జేబుల ఆకుపచ్చ చొక్కా. మెడలో మోచేయి అంత లెన్సున్న కెమెరా. బ్యాగులో దోమల మందు, పాము కరిస్తే ఏం చేయాలో చెప్పే చిన్న పుస్తకం, వారానికి సరిపడా సకినాలు. ఇంట్లో అమ్మ మాత్రం ఒక్కటే అడుగుతుంది: "పైసలియ్యరు, పండనీకె జాగ చూపరు, పైకెల్లి పులి ఉన్నకాడికి పొమ్మంటరు. గిదేం కొలువు బిడ్డా?" ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటిదాకా ఏ వాలంటీరూ చెప్పలేకపోయాడు.

కల్వకుర్తి, డిండి, హాజీపూర్ దాటితే మన్ననూరు. అక్కడి చెక్‌పోస్టు అవతల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వాటాకు వచ్చిన భాగం ఇది. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో కృష్ణ పక్కన పరుచుకున్న ఈ అడవి 2,611 చదరపు కిలోమీటర్లు. ఇక లెక్కల మాస్టారు వేయాల్సిన లెక్క ఒకటుంది. 2022 గణనలో తెలంగాణ మొత్తానికి వచ్చిన పులుల సంఖ్య 21. ఆ ఇరవై ఒకటీ కట్టగట్టుకుని అమ్రాబాద్‌లోనే ఉన్నాయనుకున్నా, ఒక్కోదానికి 124 చదరపు కిలోమీటర్లు పడుతుంది. అంటే మొన్నమొన్నటి 650 చదరపు కిలోమీటర్ల గ్రేటర్ హైదరాబాద్‌లో ఐదుగురిని వెతకడం. ఆ ఐదుగురికీ దొరకాలని లేదు, పైగా అందరూ రాత్రిళ్లే బయటికొస్తారు.

ఈ లెక్క మొదటి రోజే వేసుకుంటే లెన్సు మోసే బరువు తప్పేది. ఎవరూ వేసుకోరు.

పొద్దున్నే ఆరు గంటలకు, చలిలో, బీట్ ఆఫీసరు వాలంటీరును ముందుగా ముక్కుతో పరీక్షిస్తాడు. సెంటు కొట్టుకున్నవాడు వెనక్కి వెళ్లి ముఖం కడుక్కుని రావాలి. తర్వాత పని వివరిస్తాడు. బీటులో రోజుకు కనీసం ఐదు కిలోమీటర్లు, అలా మూడు రోజులు నడవాలి. మాంసాహార జంతువుల గుర్తులు వెతకాలి. గుర్తులంటే ఏమిటంటే: అడుగు జాడ, చెట్టు మీద గోళ్ల గీత, నేల మీద కాళ్లతో గీరిన చోటు, అన్నిటికన్నా ముఖ్యంగా మలం. కెమెరాకు సంచిలోనే విశ్రాంతి. చేతిలో ఫోను, ఫోనులో ఎం-స్ట్రైప్స్ అనే యాప్. ఎక్కడ ఏది కనిపించినా ఫొటో తీసి, అక్కడి అక్షాంశ రేఖాంశాలతో సహా అందులోకి ఎక్కించాలి. మూడో రోజు ముగిసేసరికి వాలంటీరు ఫోన్ గ్యాలరీని ఇంట్లో ఎవరికీ చూపించే పరిస్థితి ఉండదు.

అయితే ఇందులో ఒక విద్య ఉంది, అది త్వరగానే ఒంటబడుతుంది. చిరుతపులి పెంటికలో వెంట్రుకలు మెలిపడి ఉంటాయి. ఎలుగుబంటిది గింజలమయం, రేగుపళ్ల కాలమైతే అది ఏం తిన్నదో ప్రయోగశాలకు పంపకుండానే చెప్పొచ్చు. మనుబోతు మహా క్రమశిక్షణ గల జంతువు, మళ్లీ మళ్లీ ఒకే చోటికి వచ్చి కుప్ప పోసి వెళుతుంది. చుక్కల దుప్పికి ఆ పట్టింపులేం లేవు, నడుస్తూ నడుస్తూనే కానిచ్చేస్తుంది. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు కూర్చున్నా నిద్రే వచ్చినవాడు ఇక్కడ పుల్లతో పెంటిక విడదీసి "ఇది మొన్నటిది, ఇది నిన్నటిది" అని వాదనకు దిగుతాడు.

ఆ వాదనలో ఎప్పుడూ గెలిచేది మాత్రం ముందు నడిచే చెంచు వాచరే. ఇసుకలో జాడ చూసి, ఆగి, "ఆడపులి సారూ" అంటాడు. మగపులి పంజా గుర్తు ఇంచుమించు చదరంగా, ఆడదానిది కాస్త పొడుగ్గా ఉంటుందన్న సంగతి వాలంటీరు పుస్తకంలో చదివాడు గనుక తలూపుతాడు. "తెల్లారంగ పోయింది" అని వాచర్ మరో మాట అంటాడు. ఇది పుస్తకంలో లేదు.

"ఎట్ల తెలిసింది?"

"రాతిరి పడ్డ మంచు జూడుండ్రి. చుట్టూత ఉన్నది, జాడల లేదు. మంచు పడ్డంక తొక్కింది."

వాలంటీరు వంగి చూస్తాడు. నిజంగానే లేదు. అప్పుడతనికి ఒకేసారి రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, ఈ మనిషికి ఎన్ని డిగ్రీలిచ్చినా తక్కువే. రెండు, తెల్లారి ఎంతోసేపు కాలేదు. ఆ తర్వాత ఆ రోజంతా వాలంటీరు వరుసలో మధ్యన నడుస్తాడు.

గుర్తుల పని అయ్యాక మరో మూడు పొద్దులు గడ్డి తినే జంతువులవి. పులి తినే జంతువు ఎంతుందో తెలియకపోతే పులి లెక్కకు అర్థం లేదు. రెండు కిలోమీటర్ల గీత మీద తెల్లవారుజామున నడవాలి, ఎదురైన దుప్పి, కణుజు, అడవిపంది ఎన్ని, ఎంత దూరంలో, దిక్సూచిలో ఏ కోణంలో ఉన్నాయో రాసుకోవాలి. దుప్పుల మంద మాత్రం కోణం కొలిచే దాకా నిలబడదు. ఒకడు లెక్కపెడుతుంటాడు, ఇంకొకడు దిక్సూచి తిప్పుతుంటాడు, మూడోవాడికి సరిగ్గా అప్పుడే తుమ్ము వస్తుంది. మంద మాయం. ఇక మిగిలేది అదే గీత మీద చిన్న చిన్న పట్టీలు గీసి వాటిలో గడ్డి తినే జంతువుల పెంటికలను లెక్కించడం. లెక్కల మాస్టారి జీవితానుభవం మొత్తం ఇక్కడే పనికొస్తుంది.

కెన్యాలో మాసాయి మారా వెళ్లొచ్చిన ప్రవాస బంధువు ఇంట్లో ఒకరుంటారు. వాళ్లు సింహం జీపు నీడలో పడుకున్న ఫొటోలు చూపించి, "అక్కడ గంటలో ఐదు కనబడ్డాయి, మీకు వారంలో ఒక్కటీ లేదా?" అంటారు. అది చూపు ఆగని గడ్డి మైదానం, సింహాలు గుంపుగా బతుకుతాయి. ఇది నల్లమద్ది, ఏగిస, తునికి, వెదురు కలిసిన కొండ అడవి, పులి ఒంటరిది. పైగా మారాకు వెళ్లింది టికెట్టు కొనుక్కుని, నల్లమలకు వచ్చింది పని మీద. ఈ తేడా చెప్పి ఒప్పించడం కన్నా పెంటికలు లెక్కపెట్టడం సులువు.

సాయంత్రం బేస్ క్యాంపులో మంట ముందు కూర్చున్నాక సంభాషణ సహజంగానే భయం మీదికి మళ్లుతుంది. వాలంటీరు పులి గురించి అడుగుతాడు. వాచర్లు ఎలుగుబంటి గురించి చెబుతారు. మనిషి అలికిడి వింటే పులి తప్పుకుంటుంది. పుట్ట తవ్వే పనిలో తల దూర్చిన ఎలుగుకు పక్కన మనిషి వచ్చిన సంగతే తెలియదు, తెలిశాక ఉలిక్కిపడి మీద పడుతుంది. ఇది విన్న వాలంటీరు రాత్రి బయటికి వెళ్లాలంటే ఇద్దరిని లేపుతాడు. అదే మంట దగ్గర తేనె సంగతీ వస్తుంది. కొండ చరియకు వేలాడే పట్టు కోయడానికి చెంచులు తాడు మీద దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది. తోడబుట్టిన ఆడబిడ్డ తాళి తెగేలా ఏ అన్నా తమ్ముడూ తాడు వదలడని లెక్క. మన ఊళ్లల్లో బావమరుదులకు అప్పగించే పనులతో పోలిస్తే ఇది చాలా గౌరవప్రదమైనది.

అడవిలోకి బయటివాడు వచ్చి ఊరికే తిరగడం చెంచులకు కొత్తేమీ కాదు. వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకు రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్ ఇండియాకు ఆయన శత్రు దేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం ఎల్లలు దాటకుండా ఉండమన్నారు. అలా 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ కొండల మీదికొచ్చి చెంచుల మధ్య గడిపాడు, 1943లో వారి మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన సిఫారసు మీదే నిజాం ప్రభుత్వం చెంచుల కోసం అక్కడ ప్రత్యేక రిజర్వు ఏర్పాటు చేసింది. నేటి వాలంటీరు నెట్‌వర్క్ లేదని రెండో రోజుకే నీరసపడతాడు. ఆ దంపతులు ఏకంగా ప్రపంచ యుద్ధాన్నే అడవుల్లో గడిపారు. అదే కొండల మీద ఫరహాబాద్‌లో నిజాం వేట బంగళా ఉండేది. ఆ రోజుల్లో పెద్దలు పులి లెక్క వేసేది చంపిన తర్వాతే.

నల్లగొండ వైపు బీటు పడ్డవారి గోడు వేరు. దేవరకొండ, కంబాలపల్లి, నాగార్జునసాగర్ రేంజిలు కూడా ఈ అభయారణ్యంలోవే. మన్ననూరు జట్టు పులి జాడ ఫొటోలు పంపుతుంటే, కంబాలపల్లి జట్టు నెమళ్ల ఫొటోలు పంపుతుంది. "ఏమీ కనబడలేదు" అన్న సమాచారం కూడా శాస్త్రానికి అంతే విలువైనదని అధికారులు ఓదారుస్తారు. అది పూర్తిగా నిజం. విన్నవారికి మాత్రం ఓదార్పులాగే ఉంటుంది.

నిజానికి ఈ పద్ధతి పుట్టిందే కళ్లను నమ్మలేక. పూర్వం అడుగు జాడలను అద్దం మీద గీసి, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అచ్చులు తీసి పులులను లెక్కించేవారు. 1972లో అలా తేలింది 1,827. ఒకే పులి నాలుగు చోట్ల నడిస్తే నాలుగు పులులయ్యే సౌకర్యం అందులో ఉండేది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు బాగానే ఉన్నాయి, 2005 నాటికి అడవిలో ఒక్కటీ లేదని బయటపడింది. ఆ దెబ్బతో పద్ధతి మారింది. 2006లో కొత్త లెక్క 1,411 అంది, 2022కు అది 3,682కు చేరింది. ఇప్పుడు వాలంటీర్లు తెచ్చిన గుర్తుల ఆధారంగా దారులకు ఇరువైపులా చెట్లకు జంట కెమెరాలు కడతారు. పులి కుడి పక్క చారలు ఎడమ పక్క చారల్లా ఉండవు, అందుకే రెండు. ఏ రెండు పులుల చారలూ కలవవు గనుక ఒకదాన్ని రెండుసార్లు లెక్కించే ఇబ్బంది తప్పింది.

పులి కనబడలేదని బెంగపడే వాలంటీరుకు చూపించాల్సిన అంకె ఇక్కడుంది. 2018 గణనలో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. గిన్నిస్ రికార్డుకెక్కిన ఆ కసరత్తులో పడిన ఫొటోలు 3,48,58,623. అందులో పులులున్నవి 76,651. అంటే నిద్రపోకుండా, తుమ్మకుండా, సెంటు కొట్టుకోకుండా చెట్టుకు అతుక్కుని ఉన్న కెమెరాకే సుమారు 455 ఫొటోలకు ఒక పులి.

ఈసారి పిలుపు వస్తే పాలమూరు, నల్లగొండ పిల్లలు తప్పక దరఖాస్తు పెట్టండి. మీ జిల్లా అడవిని హైదరాబాద్ వాళ్లే ఎందుకు లెక్కపెట్టాలి? పెద్ద లెన్సు ఇంట్లో పెట్టండి, మంచి బూట్లు తొడుక్కోండి, వాచర్ చెప్పినప్పుడు నోరు మూసుకోండి. దారిలో కోతులకు చిప్స్ విసరకండి, వాటి కోసం రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి. రాత్రి 9 దాటాక మన్ననూరు గేటు దగ్గర "మేం శ్రీశైలం భక్తులం, వదలండి" అని సిబ్బందితో పోట్లాడకండి. పొద్దున 6 గంటలకు వాళ్లే తెరుస్తారు.