అలొకేటరు బావగారు

సన్నీవేల్, ఫ్రీమాంట్ వైపు శనివారం పాట్‌లక్‌కి వెళితే మగవాళ్ల గుంపులో గ్రీన్‌కార్డు, ఇళ్ల ధరలు, పిల్లల చదువులు ఎలాగూ తప్పవు. అవి అయ్యాక బావగారు అందుకుంటారు. "ఏమోయ్, మీ దగ్గర ఇంకా మాలాకే వాడుతున్నారా?" అని జాలిగా అడుగుతారు.

పేరు దేనికి, అలొకేటరు బావగారు అందాం. సీ ప్లస్ ప్లస్ రాసే ప్రతి పెద్ద కంపెనీలోనూ ఇలాంటివారు ఒకరుంటారు. ప్రోగ్రాముకి మెమరీ కావాల్సి వచ్చినప్పుడల్లా లోకమంతా సీ లైబ్రరీతో వచ్చే మాలాక్‌ని అడుగుతుంది, పనయ్యాక తిరిగిచ్చేస్తుంది. బావగారు అడగరు. మాటిమాటికీ చెయ్యి చాచడం వాళ్ల ఇంటావంటా లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర పెద్ద ముక్క ఒకటి ఒకేసారి తెచ్చేసుకుని, ఆ తర్వాత పంపకాలన్నీ తనే రాసుకున్న అలొకేటరుతో చేసుకుంటారు.

ఎందుకండీ అంత శ్రమ అన్నామా, అయిపోయాం. పులిహోర తిన్న పేపరు ప్లేటు బోర్లించి, జేబులోంచి పెన్ను తీసి వరసగా గళ్లు గీస్తారు. "చూడు. 64 బిట్ల లైనక్స్‌లో ఒక్క బైటు అడిగాను. ఎంత తీశాడు? 32! మిగతా 31 ఎవడబ్బ సొమ్మని?" ప్లేటుకి నూనె అంటినచోట పెన్ను సాగదు. ఆ గడిని ఫ్రాగ్మెంటేషన్ కింద లెక్కేసి ముందుకు పోతారు. ఇంతా చేసి ఆయన లాప్‌టాప్‌లో ఉన్నది 64 గిగాబైట్లు, అందులో సగం బ్రౌజరే మింగుతోంది. ఆ ఊసు ఎత్తకూడదు.

అలాగని ఆయన చెప్పేది అబద్ధమూ కాదు. మాలాక్ అందరికోసం రాసింది. థ్రెడ్లన్నీ ఒక్కసారి మీదపడితే తాళాల దగ్గర తొక్కిసలాటే. అందుకే 2005లో జేసన్ ఎవాన్స్ ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం జేమాలాక్ అనే అలొకేటరు రాశాడు. గూగుల్‌వాళ్లు టీసీమాలాక్ రాసుకున్నారు.

బావగారి ప్రాణం మాత్రం అరీనా. మన పెళ్లి బంతే అది. ఆకులు వరసగా వేసుకుంటూ పోవడమే, మధ్యలో ఖాళీ ఎక్కడుందని వెతకక్కర్లేదు. బంతి లేచాక అన్నీ ఒక్క ఊపున ఎత్తేయడమే, ఎవరి ఆకు వాళ్లకి విడిగా తీసే పని లేదు. అందుకే అంత వేగం. చిక్కల్లా చివర్న నింపాదిగా మజ్జిగన్నం కలుపుకుంటున్న పెద్దాయనతోనే. ఆయన ఆకూ లేచిపోతుంది, ఆయన చెయ్యి మాత్రం అక్కడికే వెళుతుంది. ప్రోగ్రాము కూలేది సరిగ్గా ఆ ముద్ద దగ్గర. ఆ పెద్దాయన ఎవరో కనిపెట్టడానికి రాత్రుళ్లు కూర్చునేది బావగారు కాదు, టీమ్‌లో కుర్రాళ్లు.

ఆ కుర్రాళ్లలో చదువుకున్నవాడు ఒకడుంటాడు. 2002లో ఎమరీ బెర్గర్, బెంజమిన్ జోర్న్, కాథరిన్ మెకిన్లీ సొంత అలొకేటర్లున్న 8 ప్రోగ్రాముల్ని పట్టుకుని, వాటి స్థానంలో డగ్ లీ రాసిన మామూలు అలొకేటరు పెట్టి చూశారని భయంభయంగా చెబుతాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఓస్వెగోలో పాఠాలు చెప్పే ప్రొఫెసరు 1987లో మొదలుపెట్టి, అందరికీ ఊరికే ఇచ్చేసిన సరుకది. ఆరు ప్రోగ్రాములు దాంతోనూ అంతే వేగంగానో, ఇంకాస్త వేగంగానో నడిచాయి. అరీనా తరహావి రెండే నెగ్గాయి.

బావగారు తొణకరు. "ఆ రెండిట్లో మాదొకటి" అంటారు.

హార్ట్‌బ్లీడ్ మాటొస్తే మాత్రం కాస్త గొంతు తగ్గుతుంది. 2014 ఏప్రిల్లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో బయటపడ్డ కన్నం అది. అసలు తప్పు వేరేచోట ఉంది, నిజమే. కానీ మాలాక్ నెమ్మదని ఆ లైబ్రరీ సొంత జాబితా పెట్టుకుని పాత ముక్కల్నే తిప్పితిప్పి వాడేది. దాంతో ఓపెన్‌బీఎస్‌డీ మాలాక్‌లో పెట్టిన కాపలాలన్నీ దండగయ్యాయని ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కర్త థియో డి రాడ్ట్ మండిపడ్డాడు. "వాళ్లకి రాయడం రాక" అని బావగారు పెరుగువడ వైపు తిరుగుతారు.

ఈమధ్య ఆయన జిగ్ భాష మీద పడ్డారు. మెమరీ కావాల్సిన ప్రతి ఫంక్షనుకీ అలొకేటరు మనమే చేతికివ్వాలట. "ఈ భాష పుట్టించిన ఆండ్రూ కెల్లీది మన గోత్రమే అయ్యుండాలోయ్" అని పొంగిపోయారు. దాంతోపాటు అరీనా కూడా రెడీమేడ్‌గా వస్తుందిగా బావగారూ, ఇంక పని తప్పినట్టేనా అంటే, ఎగాదిగా చూశారు.

"వస్తుంది. అది అందరికోసం రాసింది."