గూళూరు చాటువుకు పరిశీలనాప్రదీపిక

అవతారిక: కావ్యాలకు వ్యాఖ్య రాసినవాళ్లు ధన్యులు. మల్లినాథసూరి కాళిదాసును పట్టుకుని తరించాడు. జూలూరి అప్పయ్య పండితుడు బ్రౌను దొర కొలువులో జీతం పుచ్చుకుంటూ మనుచరిత్రకు టీక రాశాడు. మాకు దొరికింది ఒక్క ఆటవెలది, జీతం లేదు. దీని కర్త చిక్కబళ్లాపురం జిల్లా బాగేపల్లి తాలూకా గూళూరు వాస్తవ్యుడు. పేరు చెప్పవద్దన్నాడు. చెబితే ఉన్న ఒక్క కథా తిరిగొస్తుందని భయం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పొద్దున్నే ఎనుముల పాలు పిండి డెయిరీకి పోసి, ఆ తర్వాత కథలు రాస్తాడు. ఇక మూలం.

కథను పంపినాఁడ కవరుతో హామితో
మూడు నెలలు గడచె ముక్క లేదు
అడుగఁబోతి నేని యది పరిశీలనం
బందు నున్నదనుచుఁ బలికినారు

ప్రతిపదార్థము: కథను = తాను వ్రాసిన కథను; కవరుతోన్ = స్వహస్తముతో స్వనామమే వ్రాసి, స్వద్రవ్యముతో తపాలా బిళ్లలంటించిన తిరుగు కవరుతోను; హామితోన్ = ‘ఈ కథ నా సొంతము’ అను పత్రముతోను; పంపినాఁడన్ = పంపితిని; మూడు నెలలు గడచెన్ = గడచెను (ఇందు విప్పి చెప్పవలసినది లేదు, అనుభవింపవలసినదే); ముక్క లేదు = ఒక్క మాటైనను రాలేదు; అడుగఁబోతిన్ ఏనిన్ = అడుగఁబోయినచో; అది = ఆ కథ; పరిశీలనంబు అందున్ = పరిశీలన యందు; ఉన్నది అనుచున్ = కలదని; పలికినారు = చెప్పిరి.

ఇక విశేషాలు.

‘కవరుతో’ అన్నచోట తృతీయకు సహార్థమా, కరణార్థమా అని శంక. కథ వెంట పోయింది గనుక సహార్థమని కొందరు. అది పైపై మాట. కవరు వెళ్లింది తోడుగా కాదు, కథను వెనక్కి తేవడానికి సాధనంగా. కాబట్టి కరణార్థమే సాధువు. తన కథను తిప్పి కొట్టేవాళ్లకు తానే చిరునామా రాసిచ్చి, టపా ఖర్చు పెట్టుకునే వృత్తి లోకంలో ఇంకొకటి ఉన్నట్టు మాకు తోచదు. ఇప్పుడంతా ఈమెయిలే కదా అంటారా? నిజమే. అయినా ‘తగిన స్టాంపులు లేని రచనలు తిప్పి పంపబడవు’ అన్న వాక్యం కొన్ని పత్రికల్లో ఇంకా అచ్చవుతూనే ఉంది. దాన్ని తీసేయమని చెప్పవలసినవారెవరో ఎవరికీ గుర్తులేదు.

ఆ కవరు మీద కవి 561207 అని రాశాడు. అది బాగేపల్లి పిన్ కోడు. 1972 ఆగస్టు 15న పిన్ కోడు పుట్టినప్పుడు తపాలా శాఖవారు ఆంధ్రప్రదేశ్‌నూ కర్ణాటకనూ ఒకే 5 అంకె కిందికి తెచ్చారు. తర్వాత తెలంగాణ వేరుపడ్డా 5 అంకె మారలేదు. తెలుగు కథల సంకలనాలు తెచ్చేవారు ఎల్లలు గీసుకునేటప్పుడు ఈ పోస్టాఫీసు బుద్ధి కాస్త అరువు తెచ్చుకుంటే బాగుండునని మా మనవి.

‘హామితో’: ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు, ఇదివరకు ఎక్కడా అచ్చు కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు. ఇది నాలుగు పాదాల హామీ. కథ రాయడానికి వారం పట్టినా హామీ రాయడానికి రెండు నిమిషాలు చాలు. కథలో లేని బిగి దానిలో ఉంటుంది. పూర్వం ఈ బాధ లేదు. చింతామణి తాలూకా కైవారం తాతయ్య, గాజులమ్మిన యోగి నారేయణ, తన తత్త్వాల్లో ‘అమరనారేయణ’ అన్న ముద్ర వేసేశాడు. రచన లోపలే సంతకం, వేరే పత్రం అక్కరలేదు. ఆయన తెలుగు తత్త్వాలు కన్నడ లిపిలో అచ్చయి, ఈ సీమలో తెలుగు అక్షరం రానివాళ్ల చేత కూడా తెలుగులో పాడించుకుంటున్నాయి. ఏ సంపాదకుడూ పరిశీలించలేదు. ఆయన అదృష్టం, మన అదృష్టం కూడా.

ప్రస్తుత కవికి 1957 నాటి కాపీరైటు చట్టమే ముద్ర. రాసిన క్షణం నుంచే హక్కు కవిది, ఎక్కడా రిజిస్టరు చేయించనక్కరలేదు. పోయిన తర్వాత మరో 60 ఏళ్లు వారసులది. ఆ హక్కును ఇంకొకరికి రాసిచ్చేటప్పుడు గడువు చెప్పకపోతే 5 ఏళ్లే అని కూడా ఆ చట్టంలోనే ఉంది. ‘సర్వహక్కులూ ప్రచురణకర్తవి’ అన్నచోట కళ్లు మూసుకుని సంతకం పెట్టే కవులు ఈ ముక్క చదువుకోవాలి. అరవై ఏళ్లలోపు పరిశీలన ముగుస్తుందనే మా విశ్వాసం.

‘మూడు నెలలు’: ఇది ఋషిప్రోక్తం, అంటే పత్రికలు తామే పెట్టిన గడువు. మూడు నెలల్లో కబురు రాకుంటే తిరస్కరించినట్టే భావించాలని చాలాచోట్ల నియమం. ఈలోగా కథను మరొకరికి పంపరాదు. కాబట్టి నాలుగు పత్రికలు కాదనేసరికి సంవత్సరం తిరుగుతుంది. పండుగ కథ రాసినవాడి గతి మరీ అన్యాయం. సంక్రాంతి కథ శ్రావణంలోనే పంపాలి. మొదటి పత్రిక మూడు నెలలు దాచుకుంటే రెండో పత్రిక చేతికి కార్తీకంలో చేరుతుంది. అప్పటికి సంక్రాంతి సంచిక నిండిపోయి ఉంటుంది. భోగిమంటను హోళీ మంటగా మార్చమని సలహా వస్తుంది. గూళూరు కవి ఒకసారి మార్చాడు కూడా. కథలో రేగుపళ్లు మిగిలిపోయాయి.

పడిందో లేదో తెలుసుకోవడమూ తేలిక కాదు. గూళూరుకు తెలుగు పత్రిక రాదు. హిందూపురంలో ఉన్న స్నేహితుడు బస్టాండు అంగట్లో విషయసూచిక పేజీ ఫొటో తీసి పంపాలి. 2020 కరోనా తర్వాత వారపత్రికలు కొన్ని అచ్చు ఆపేశాయి. దాంతో అంగట్లో తీగకు వేలాడేవీ తగ్గాయి, స్నేహితుడికి పనీ తగ్గింది.

‘ముక్క లేదు’ అన్నదానికి ‘ముక్కలయ్యె’ అని పాఠాంతరం ఉంది. గణాలు సరిపోతాయి, యతీ చెడదు. అర్థం మాత్రం ఈ కథకు పొసగదు. అది ఇంతకు మునుపు అచ్చయిన ఇంకో కథకు సంబంధించిన పాఠమని మా నిర్ణయం. ఆ వృత్తాంతం ఇక్కడే చెప్పాలి, మరోచోట సందు దొరకదు.

ఆ కథలో అవ్వ తెల్లవారుజామున లేచి ఎనుముకు కుడితి పెట్టి పాలు పిండుతుంది. గూళూరు చుట్టుపక్కల, అనంతపురం వైపు కూడా, గేదె అంటే ఎనుము. కవి మొదట కాగితం మీదే రాస్తాడు. కన్నడ బడిలో దిద్దిన చెయ్యి గనుక తలకట్టు కొక్కెంలా లేవకుండా అడ్డగీతలా పడుతుంది. హిందూపురం డీటీపీ అన్న ఎట్లాగో పోల్చుకుని అను ఫాంటులో కొట్టాడు. పత్రికవారు యూనికోడు కావాలన్నారు. మార్పిడిలో వత్తులు కొన్ని ఎగిరిపోయాయి. మిగిలినది ప్రూఫు చూసేవారి చేతికి పోయింది. ఆయన కోస్తా మనిషి కాబోలు, ఎనుము అన్న మాట విని ఉండడు. అచ్చుతప్పు అనుకుని చక్కగా దిద్దాడు. అచ్చులో అవ్వ తెల్లవారుజామున లేచి ఏనుగుకు కుడితి పెట్టి పాలు పిండింది. అంతటితో పోలేదు. అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, వేళ్లతో ఒత్తితే పొట్టు వదిలి ‘పితికిన పప్పు’ వస్తుంది. చలికాలంలో ఆ పప్పు చారు లేని ఇల్లు ఈ సీమలో ఉండదు. అది ‘ఉడికిన పప్పు’ అయింది. దాంతో అవ్వా కోడళ్లూ ముగ్గురు అరుగు మీద కూర్చుని, ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటూ, ఉడికిన పప్పును సాయంత్రం దాకా వేళ్లతో ఒత్తుతూనే ఉన్నారు.

తర్వాతి సంచికలో ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. సరిహద్దు తెలుగులో మాయావాస్తవికత తొంగిచూస్తున్నదనీ, ఆ ఏనుగు దేనికి ప్రతీకో రచయిత విడమరచాల్సిందనీ. కవి ఆ ఉత్తరాన్ని కత్తిరించి దాచుకున్నాడు. అతనికి వచ్చిన ఏకైక విమర్శ అదే.

‘అడుగఁబోతి నేని’: బాగేపల్లి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరంగా పోతే హైదరాబాదు సుమారు 470 కిలోమీటర్లు, దక్షిణంగా పోతే బెంగళూరు సుమారు 100. దగ్గరి ఊళ్లో కన్నడ పత్రికలు, దూరపు ఊళ్లో తెలుగు పత్రికలు. ఈ తాలూకాలో పుట్టి కన్నడంలో రాసేవాళ్లకు బస్సు ఛార్జీ కలిసొస్తుంది. మన కవి వెళ్లలేదు, ఫోను చేశాడు. ఆ సంభాషణ పద్యంలో లేదు. వ్యాఖ్యాతకు కవి ముఖతః తెలిసింది:

‘నమస్తే సార్. గూళూరు నుంచి మాట్లాడతా ఉండాను.’

‘గూడూరా?’

‘కాదు సార్, గూళూరు. బాగేపల్లి తాలూకా.’

‘అనంతపురం జిల్లానా?’

‘పక్కనే సార్. కర్ణాటక.’

‘ఓహో. కర్ణాటకలో కూడా తెలుగు కథలు రాస్తారాండీ!’

‘మాట్లాడేదే తెలుగు గదా సార్.’

‘మంచిది, మంచిది. మీది పరిశీలనలో ఉందండీ.’

‘పరిశీలనంబందు’: ఇది పద్యానికి గుండెకాయ. సప్తమికి అధికరణం అర్థం. అధికరణం మూడు విధాలని శాస్త్రం: చాప మీద కూర్చున్నట్టు ఔపశ్లేషికం, మోక్షమందు కోరిక ఉన్నట్టు వైషయికం, నువ్వుల్లో నూనె ఉన్నట్టు అభివ్యాపకం. ఇక్కడ ఏది?

ఔపశ్లేషికమని పూర్వపక్షి. కథ బల్ల మీద ఉంది, దాని మీద మరో కథ, ఆపైన టీ గ్లాసు. ఇది కొంత నిజమే గాని, వచ్చింది ఈమెయిలైతే బల్ల ఎక్కడిది? వైషయికమని మరొకరు. చదవాలన్న ఉద్దేశం ఉంది, ఉద్దేశంలో కథ ఉంది. ఇది సంపాదకులకు అనుకూలమైన వాదం. వాళ్ల పక్షానా ఒక మాట చెప్పాలి. కథలు చూసే మనిషే వంటల పేజీ చూడాలి, వారఫలాలు ఆలస్యమైతే ఫోను చేయాలి, ప్రకటన వచ్చిన రోజు ఒక పేజీ కథను ముప్పావు పేజీకి కుదించాలి. అట్లాంటి మనిషి ‘పరిశీలనలో ఉంది’ అనడం అబద్ధం కాదు, ఆశీర్వాదం. అయినా మా సిద్ధాంతం అభివ్యాపకమే. కథ పరిశీలనలో అంతటా వ్యాపించి ఉంది. ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపడానికి వీల్లేదు.

‘పలికినారు’ అన్న క్రియకు కర్త లేడు. ఫోనెత్తినవారు పేరు చెప్పలేదు గనుక ఇది వాస్తవానుసారి.

అలంకారం: కారణాలన్నీ ఉండి కార్యం పుట్టకపోతే విశేషోక్తి. కథ ఉంది, కవరుంది, హామీ ఉంది, మూడు నెలలూ నిండాయి. ప్రచురణ మాత్రం లేదు. లక్షణగ్రంథాల్లో ఇంత నిండైన ఉదాహరణ అరుదు.

తాత్పర్యము: ఓ పాఠకా, నేనొక కథ పంపితిని. అది ఉన్నదని తెలిసినది.

చివరగా ఒక శంక. పద్యంలో పారితోషికం ఊసే లేదేమి? ఛందస్సుకు ఒదగక వదిలేశాడని కొందరు సమర్థిస్తారు. అది చెల్లదు. పారి, తోషి, కంబు: మూడు సూర్యగణాలు కొలిచినట్టు సరిపోతాయి. ఆటవెలది మొదటి పాదంలో అవి పోగా రెండు ఇంద్రగణాలు మిగులుతాయి. అవెప్పుడు పడతాయని కవిని అడిగాం. ఏనుగు కథ తాలూకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, రద్దు చేసిన చెక్కు ఇచ్చి రెండు దీపావళులైందన్నాడు.