మా మీద జోకు మాకే చెప్పండి

పల్నాడు అనగానే బయటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది పౌరుషం. కోడిపందెంతో రాజుకుని కారంపూడి రణరంగం దాకా పోయిన కథ మాది. నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు అంటూ వింటూ పెరుగుతాం కాబట్టి, మీసం రాకముందే మెలేసే అలవాటు వస్తుంది. హైదరాబాదులో అద్దె ఇంటికెళ్ళి "మాది మాచర్లండీ" అన్నామా, ఇంటాయన ఒకడుగు వెనక్కేసి "అడ్వాన్సుదేముంది, నిదానంగా ఇద్దురులెండి" అంటాడు. అప్పుడప్పుడూ ఇలాంటి లాభాలు కూడా ఉన్నాయి.

ఈ సీమలో నవ్వెక్కడిది అంటారా? బ్రహ్మానందం ఎక్కడివాడనుకున్నారు మరి! సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెం. 1956లో అక్కడ పుట్టి, అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న మనిషి, 1987లో 'అహ నా పెళ్ళంట'లో అరగుండుగా కనిపించేసరికి తెలుగుదేశమంతా పొట్ట పట్టుకుంది. 2010 నాటికి గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కాడు. కత్తుల సంగతేమోగానీ, మా గడ్డ నుంచి బాగా ఎగుమతైన సరుకులు రెండే: ఒకటి మిరపకాయ, రెండోది ఈయన.

కానీ మా నవ్వుకి మూలపురుషుడు వేరే ఉన్నాడు. మమ్మల్ని తిట్టిపోసినవాడు. శ్రీనాథుడు. పదిహేనో శతాబ్దంలో రాజుల చేత కనకాభిషేకం చేయించుకున్న కవిసార్వభౌముడు మా ఊళ్ళమ్మట తిరగాల్సొచ్చింది. సన్నబియ్యం నోటికి జొన్నకూడు తగిలింది, తాగడానికి నీళ్ళు దొరకలేదు. ఆయన పేరు మీద చెప్పుకునే చాటువుల్లో మా రాళ్ళూ, తేళ్ళూ, పాములూ, నాగులేటి నీళ్ళూ అన్నీ వరస కట్టాయి. దాహం మరీ ఎక్కువై ఏకంగా శివుడితోనే పేచీ పెట్టుకున్నాడు. అడుక్కు తినే నీకు ఇద్దరు పెళ్ళాలెందుకయ్యా, పార్వతి చాలు, గంగని ఇటు వదిలెయ్ అన్నాడు. అర్జీ అందింది కానీ పని జరగడానికి అయిదొందల ఏళ్ళు పట్టింది. 1967లో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళొదిలారు. ఇప్పుడు ఏ ఆఫీసులోనైనా ఫైలు కదలడం లేదని ఎవరైనా విసుక్కుంటే, శ్రీనాథుణ్ణి తలుచుకుని ఊరుకోవడం మాకు అలవాటు.

విశేషమేమిటంటే, ఆ తిట్టు పద్యాలన్నీ మాకు నోటికొచ్చు. గురజాలలో ఏ పెళ్ళి విడిదికైనా వెళ్ళండి. భోజనాలయ్యాక పెద్దాయనెవరో వక్క నములుతూ ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చివరి పాదం అందుకుంటారు, అందరూ పగలబడి నవ్వుతారు. అదే పద్యం తెనాలి నుంచొచ్చిన వియ్యంకుడు చదివితే మాత్రం పందిట్లో కాసేపు గాలి ఆడదు. మనల్ని మనం వెక్కిరించుకోవాలన్నా మనవాళ్ళే ఉండాలి. ఇంకో తమాషా, ఆయన ఏ జొన్నని చూసి ముక్కు చిట్లించాడో ఆ జొన్నరొట్టెనే ఇప్పుడు నరసరావుపేటలో షుగరు డాక్టర్లు చీటీ మీద రాసిస్తున్నారు. వరన్నం తినేవాణ్ణి చూసి జొన్నరొట్టెవాడు జాలిపడే రోజులివి.

నవ్వు ఎలా పుడుతుందో దగ్గరగా చూడాలంటే కోతల కాలంలో మిరప కళ్ళానికి రావాలి. ఎర్రగా పరిచిన కాయల చుట్టూ ఆడకూలీలు కూర్చుని, ముక్కులకి కొంగు బిగించి, తాలు కాయలు ఏరుతుంటారు. ఒకావిడ మొదలెడుతుంది: "మా అల్లుడిది కోనసీమ లేక్కా. పండక్కొచ్చి మన పచ్చడి ఒక్క ముద్ద తిని బొటబొటా కన్నీళ్ళు కార్చాడు. పిల్లనిచ్చినందుకు సంతోషం కామోసనుకుని మా ఆయన ఇంకో గరిటె ఏశాడు."

అంతే. నవ్వడానికి నోరు తెరిస్తే ఘాటు లోపలికి పోతుంది. దగ్గు, దాని వెనక తుమ్ము, ఆ తుమ్ము చూసి పక్కావిడకి నవ్వు, ఆవిడకీ దగ్గు. కళ్ళం మొత్తం తుమ్ములే. "ఏందమ్మా ఆ ఇకఇకలు, తాలు కాయలు మంచి కాయల్లో కలిసిపోతన్నయ్!" అని మేస్త్రి గద్దించబోయి, మాట పూర్తి కాకుండానే తనూ తుమ్ముతాడు. ఇక ఆ పూట పని సంగతి దేవుడెరుగు.

ఈ కథే నేను మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నాలుగు నవ్వు బొమ్మలూ, ఒక 'శుభోదయం'తో గులాబీ పువ్వూ వచ్చాయి. కన్నీళ్ళు కారేలా నవ్వే బొమ్మ పంపింది మా ఆవిడ. అప్పుడు ఆమె పక్క గదిలో నిద్రపోయే మొహంతో బెండకాయలు తరుగుతోంది, తలుపు సందులోంచి చూశాను.

అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త వీధుల్లోనూ దుకాణాల్లోనూ తిరిగి జనం నవ్వుల్ని ఓపిగ్గా రాసుకున్నాడు. ఒంటరిగా కన్నా నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని తేల్చాడు. ఆ నవ్వుల్లో జోకులనదగ్గ మాటల తర్వాత వచ్చినవి అయిదో వంతు కూడా లేవట. మిగతావన్నీ 'సరే వెళ్ళొస్తా' లాంటి చప్పిడి మాటలకే. అంటే మా మేనమామ చెప్పే జోకులకి మేమంతా ఎందుకు నవ్వుతామో ఇన్నాళ్ళకి శాస్త్రీయంగా రుజువైంది. ఆయన ఒక్క జోకే ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాడు, అదీ మధ్యలో మర్చిపోతాడు. "తర్వాత ఏందిరా?" అని మమ్మల్నే అడుగుతాడు. మేం చెబితే అందరికన్నా ముందు ఆయనే నవ్వుతాడు. ఆయన రాని పెళ్ళి మా ఇళ్ళలో చప్పగా జరుగుతుంది.

కాబట్టి పాఠకులారా, మా పల్నాడు మీద మంచి జోకేదైనా తెలిస్తే దయచేసి ఫోనులో పంపకండి. స్వయంగా వచ్చి చెప్పండి, జొన్నరొట్టె పెడతాం. తెనాలివాళ్ళు మాత్రం భోజనం ముగించాకే మొదలెట్టండి.