ప్యాకెట్టు వెనకాల రహస్యం

టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో పదకొండు ఇళ్ళకి భోజనానికి వెళ్ళాం. పదకొండు ఇళ్ళలోనూ ముద్దపప్పూ, గుత్తివంకాయా, గడ్డపెరుగూ అయ్యాక ఇంటావిడ ఒక డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో చాక్లెట్ చిప్ కుకీలు. "ఇంట్లో చేసినవే అంకుల్, షాపువాటిలా కరకరలాడవు, చ్యూయీగా ఉంటాయి" అంది. ఎలా చేశావమ్మా అని మా ఆవిడ అడిగింది. పదకొండు చోట్లా ఒకటే నవ్వు, ఒకటే జవాబు. "అది మా ఇంటి సీక్రెట్ ఆంటీ!"

మా ఆవిడ నొచ్చుకుంది. ఆవకాయ పాళ్ళు అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ, రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న పాపానికి బలైనవాళ్ళకీ కూడా చెప్పిన మనిషి మరి. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. పదకొండుమంది పిల్లలు ఒకటే లెక్క, ఒకటే దారిలో చేస్తే అది ప్రతిభ కాదు, కిటికీ పక్కన ఎవడో చీటీ అందిస్తున్నాడని అర్థం.

చీటీ దొరకడానికి పెద్దగా వెతకక్కర్లేకపోయింది. మా అమ్మాయి వంటింటి అల్మరాలోనే ఉంది. పసుపుపచ్చ ప్యాకెట్టు, లోపల చాక్లెట్ చిప్స్, వెనక్కి తిప్పితే అచ్చులో రహస్యం. రెండుంపావు కప్పుల మైదా, కప్పు వెన్న, ముప్పావు కప్పు తెల్ల పంచదార, ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, రెండు గుడ్లు, చెంచాడు వంటసోడా, చెంచాడు ఉప్పు, కాస్త వెనిల్లా, రెండు కప్పుల చిప్స్. 375 డిగ్రీల ఫారన్‌హీట్‌లో తొమ్మిది నుంచి పదకొండు నిమిషాలు. 1939 నుంచి నెస్లే కంపెనీ ఈ పాళ్ళని తన చాక్లెట్ కాగితాల మీద అచ్చేసి ఊరూరా పంచుతోంది. మన దగ్గర సినిమా పోస్టరు కూడా ఇంత విచ్చలవిడిగా అంటించరు. ఇంత బాహాటంగా ఉన్నదాన్ని గుట్టుగా దాచుకోవడానికి ఎంత సాధన కావాలి!

ఈ పాళ్ళు రాసినావిడ పేరు రూత్ వేక్‌ఫీల్డ్. హోమ్ ఎకనామిక్స్ చదివి, డైటీషియన్‌గా పనిచేసి, 1930లో భర్తతో కలిసి మసాచుసెట్స్‌లోని విట్మన్ అనే ఊళ్ళో ఒక సత్రం కొంది. దాని పేరు టోల్ హౌస్. ఆవిడ గురించి చెప్పుకునే కథ మీరూ వినే ఉంటారు. ఏదో బిస్కెట్టు చేస్తుంటే పిండిలో పొరపాటున చాక్లెట్ ముక్కలు పడ్డాయిట, కరుగుతాయనుకుంటే కరగలేదుట, అలా పుట్టిందిట. వంట చదువుగా చదివి, సత్రం నడిపి, పుస్తకం రాసిన మనిషికి చాక్లెట్ ఎప్పుడు కరుగుతుందో తెలియదని నమ్మాలి మనం. మగవాడు ప్రయోగం చేస్తే ఆవిష్కరణ, ఆడది చేస్తే చెయ్యిజారడం. ఐస్‌క్రీమ్‌తో పాటు వడ్డించే బిస్కెట్టు కాకుండా కొత్తది ఏదైనా చేద్దామని పూనుకుని చేశానని ఆవిడే చెప్పింది. ఎవరికి కావాలి ఆ మాట? ప్రమాదం ఉంటేనే కథ పండుతుంది.

అసలు తమాషా ఇంకోటుంది. 1938 నాటి ఆవిడ వంటపుస్తకంలో దీనికి పెట్టిన పేరు టోల్ హౌస్ చాక్లెట్ క్రంచ్ కుకీ. క్రంచ్! అంటే కరకరలాడేది. చిన్న చిన్నవి, పల్చనివి, కొరికితే పక్కగదిలోకి వినబడేవి. ఇప్పుడు పదకొండు ఇళ్ళలో "అసలైన కుకీ అంటే సాగాలి అంకుల్" అని నాకు చెప్పిన పాఠంలోని కుకీ ఇది కాదు. మూలగ్రంథం ఏమందో చూడకుండా వ్యాఖ్యానం మీద వ్యాఖ్యానం రాసుకుంటూ పోయే విద్య మనకొక్కళ్ళకే సొంతం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఈ దొంగరహస్యాల మీద అమెరికావాళ్ళు తమను తాము వెక్కిరించుకోలేదని కాదు. ఫ్రెండ్స్ అనే టీవీ సీరియల్లో ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ రహస్యం రహస్యం అని ఊదరగొట్టి, చివరికి అది ప్యాకెట్టు మీదిదేనని తెలిసి తెల్లబోతుంది. అంతకు ముందు ఒక పుకారు ఉండేది. నీమన్ మార్కస్ అనే పెద్ద దుకాణంలో ఒకావిడ కుకీ తిని, పాళ్ళు అడిగి, బిల్లు చూసుకుంటే 250 డాలర్లు వేశారుట. ఒళ్ళుమండి ఆవిడ ఆ పాళ్ళని లోకమంతా పంచిపెట్టేసిందిట. నిజానికి ఆ రోజుల్లో ఆ దుకాణంలో అలాంటి కుకీయే లేదు. పుకారు పోరు పడలేక తర్వాత వాళ్ళే ఒకటి తయారుచేసి, పాళ్ళు ఊరికే ఇచ్చేశారు. లేని రహస్యానికి ధరకట్టి, ఆ ధర మీద కోపం తెచ్చుకుని, ఆ కోపంతో దానం చేయడం! ఈ కథ అల్లినవాడికి దండం పెట్టాలి.

సరే, పాళ్ళు అందరివీ ఒకటేనని తేలిపోయింది. అప్పుడు రహస్యం చేసే తీరులోకి దూరింది. నేను రోజూ చూస్తున్నాను, మా అమ్మాయి కూడా ఏం తక్కువ తినలేదు.

మొదట వెన్న కాచాలి, గోధుమరంగు వచ్చేదాకా. "బ్రౌన్ బటర్ నాన్నా, అందులోనే ఉంది మేజిక్" అంది. నేను గిన్నెలోకి తొంగి చూశాను. మా ఆవిడ కూడా చూసింది. మా ఇద్దరికీ నెయ్యి కాగుతున్నట్టే కనబడింది, మునగాకు రెమ్మ ఒకటే తక్కువ. అడుగున ఎర్రగా వేగిన ఆ గసి మీద మా చిన్నప్పుడు పంచదార చల్లుకుని, దానికోసం కొట్టుకునేవాళ్ళం. ఇక్కడ దానికి మేజిక్ అని పేరు. పోనీ, వాసన నిజంగానే బావుంటుంది, కాదనను. కానీ వెన్నలో దాదాపు ఆరోవంతు నీళ్ళుంటాయి. కాస్తే అవి ఎగిరిపోతాయి. ఎగిరిపోయాక పిండికి తడి చాలదు. అందుకని ఆ కాచిన వెన్నలో ఒక ఐసుముక్క వేయాలిట! నీళ్ళు పోగొట్టడానికి పదినిమిషాలు, పోసుకోవడానికి అరనిమిషం.

బ్రౌన్ షుగర్ కథా అంతే. చెరుకురసంలోంచి మడ్డి తీసేసి తెల్ల పంచదార చేస్తారు. తర్వాత ఆ తెల్ల పంచదారకే కాస్త మడ్డి మళ్ళీ పట్టించి బ్రౌన్ షుగర్ అని అమ్ముతారు, రెండోసారి పనికి రెండోసారి డబ్బు. కుకీ మెత్తగా సాగడంలో దీని చెయ్యి ఉన్నమాట నిజమే. ఆ మడ్డి గాల్లో తడిని పట్టి ఉంచుతుంది, ఎండనివ్వదు. తెల్ల పంచదార ఎక్కువైతే అంచులు పెళుసెక్కుతాయి. ఇందులో గుట్టేముంది? వర్షాకాలంలో బెల్లం ఎందుకు చెమరుస్తుందో తెలిసిన ఏ ఇల్లాలికైనా తెలిసేదే.

ఇక పిండి. కలిపిన పిండిని వెంటనే కాల్చకూడదు, ఫ్రిజ్‌లో నానబెట్టాలి. 2008లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక 36 గంటలు ఉంచితే అద్భుతమని రాసింది. గుడ్డులోని తడిని మైదా నెమ్మదిగా పీల్చుకుంటుంది, పిండి గట్టిపడి సమంగా కాలుతుంది. అప్పటినుంచి ఇళ్ళలో 36 గంటలు వ్రతంలా నడుస్తోంది. ఫ్రిజ్ తెరిచి పిల్లవాడు వేలు పెట్టబోతే "ఇంకా పదకొండు గంటలుంది!" అని కేక. సత్రం నడిపిన రూత్‌గారు తన తర్వాతి పుస్తకంలోనే పిండిని రాత్రంతా చల్లగా ఉంచుతామని ఒక్క వాక్యంలో రాసి ఊరుకుంది. ఆవిడకి తెల్లారి సత్రంలో పనులుంటాయి, ప్రకటన చేసే తీరిక లేదు.

ఇవన్నీ అయ్యాక, ఓవెన్‌లో ట్రేని మధ్యమధ్యలో పైకెత్తి దబీమని కింద పడేసే పద్ధతి ఒకటుంది. ముడతలు వస్తాయిట. మొదటిసారి ఆ చప్పుడుకి మా ఆవిడ ఉలిక్కిపడి "ఏం పడిపోయిందే?" అని పరుగెత్తింది. "ఏం లేదమ్మా, టెక్నిక్" అంది అమ్మాయి.

ఇంత చేసీ, సాగే కుకీకి అసలు కిటుకు ఏమిటో తెలుసా? రెండు నిమిషాలు ముందు తీసేయడం. అంతే. అంచు రంగు తిరగాలి, నడుమ ఇంకా పచ్చిగా, మెత్తగా, జాలిగా కనబడాలి. అప్పుడు బయటికి తీసి ఆ వేడి ట్రే మీదే వదిలేస్తే మిగతాది అదే కుదురుకుంటుంది. తడి లోపల మిగిలింది కాబట్టి సాగుతుంది. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే అదే పిండి, అదే వెన్న, అదే మేజిక్, కానీ కరకరలాడుతుంది. చక్కగా రూత్‌గారి క్రంచ్ అయిపోతుంది! కానీ "కాస్త ముందు తీసేశాను" అంటే పొగడ్త రాదు కదా. 36 గంటలు అంటే వస్తుంది.

ఇక్కడ నేనూ ఒక గోతిలో పడబోయాను. చెప్పుకోవాలి. ఇదంతా చూస్తూ నాకు అరిసెలు గుర్తొచ్చాయి. బియ్యం నానబెట్టడం, తడిపిండి దంచడం, పాకం నీళ్ళలో వేసి ఉండ కడుతుందో లేదో చూడటం, ముదిరితే రాయి, లేతగా ఉంటే నూనెలో విడిపోవడం. సాగడమూ, నానడమూ, బెల్లపు తడీ, అన్నీ ఉన్నాయి కదా అని పొంగిపోయి, కుకీ మన అరిసెకి మునిమనవరాలని మా పెన్షనర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేద్దామని ఫోను తీశాను. పుష్పకవిమానం సరసన పెట్టేసేవాళ్ళు దాన్ని ఈపాటికి. మా ఆవిడ చూసి, "మీ అమ్మగారు అరిసెల పాకం నాకు ఎన్నేళ్ళకి చెప్పారో గుర్తుందా?" అంది. తొమ్మిదేళ్ళకి. ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఆరోగ్యం అనే మాట మాత్రం ఊరికే వదలను. "బయటవి కాదు అంకుల్, ఇంట్లో చేసినవి, హెల్దీ." లెక్కల మాస్టారితో అనదగ్గ మాటేనా ఇది? ప్యాకెట్టు పాళ్ళు తూకంలో వేశాను. మైదా దాదాపు 280 గ్రాములు. దానికి వెన్న 227, రెండు పంచదారలూ కలిపి 315, చాక్లెట్ 340. మైదాకి మూడింతలకి పైగా వెన్నా, తీపీ, చాక్లెట్. ఇందులో మైనారిటీ ఎవరంటే మైదా పాపం. పైగా ఈ పాళ్ళకి అయిదు డజన్లు వస్తాయని ప్యాకెట్టు చెబుతుంది. మా అమ్మాయి ఐస్‌క్రీమ్ గరిటెతో పెడుతుంది కాబట్టి ఇరవై వస్తాయి. "ఒక్కటే తిన్నాను మావయ్యగారూ, డైట్‌లో ఉన్నా" అంటాడు మా అల్లుడు. అరవై భాగించు ఇరవై, ఆ ఒక్కటీ మూడు. న్యూయార్క్‌లో లెవైన్ అనే బేకరీ ఉంది, దాని కుకీ ఒక్కోటీ 170 గ్రాముల దాకా తూగుతుంది. ఆ బేకరీ పెట్టిన ఇద్దరాడవాళ్ళూ ఈతా, సైకిలూ, పరుగూ కలిపిన పందేలకి తయారవుతూ, ఆకలి తీరేలా ఉండాలని అంత లావు చేసుకున్నారు. ఇప్పుడు అదే లావున ఇంట్లో చేసుకుని, సోఫాలోంచి సోఫాలోకి ఈదేవాళ్ళని నేను కళ్ళారా చూశాను.

ఈ జ్వరం సముద్రం దాటి బెజవాడలో మా చెల్లికీ అంటుకుంది. మే నెలలో ఫోను చేసింది. "అన్నయ్యా, వెన్న రూమ్ టెంపరేచర్‌కి రావాలన్నారని గిన్నెలో పెట్టి స్నానానికి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి దీపం వెలిగించుకోవచ్చు." ఆ మాట రాసినవాళ్ళ గది 20 డిగ్రీల దగ్గర ఉంటుందనీ, ఆ గది బెజవాడలో లేదనీ దానికి ఎవరూ చెప్పలేదు. ఓవెన్ లేదు. కుక్కర్లో ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి అందులోనే పెట్టింది. ఎనిమిది కుకీలూ కలిసిపోయి ఒకటే అట్టు అయింది. "నమిలితే జీడిపాకంలా సాగుతోందిరా" అని దిగులుపడింది. సాగుతోందా! కరిగిన వెన్నలో గాలి నిలవదు, అందుకే గుల్లబారకుండా సాంద్రంగా సాగుతుంది. ఇక్కడివాళ్ళు వెన్న కరిగించి, ఎందరినో అడిగి, ఏళ్ళు తంటాలు పడి సాధించింది బెజవాడ ఎండ ఊరికే ఇచ్చేసింది. ఆ సంగతి చెప్పాను. మర్నాటినుంచి అది వీధిలో అందరికీ తన సీక్రెట్ అని చెబుతోందిట.

మొన్న శనివారం మా ఇంటికి భోజనానికి నాలుగు కుటుంబాలు వచ్చాయి. పెరుగన్నం అయ్యాక మా అమ్మాయి డబ్బా తెచ్చి మూత తీసింది. ఎవరో అడిగారు, ఎలా చేశావని. అది నవ్వింది. ఆ నవ్వు చూడగానే తర్వాత ఏం వస్తుందో నాకు తెలిసిపోయింది.

"మా అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన సీక్రెట్!"

మా అత్తగారు తాటాకుల పొయ్యి తప్ప ఇంకోటి ఎరగరు. నోరు విప్పబోయాను. మా ఆవిడ కాలితో తొక్కింది. లేచి, మంచినీళ్ళ వంకన వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద ఖాళీ పసుపుపచ్చ ప్యాకెట్టు వెల్లకిలా పడి ఉంది, పాళ్ళన్నీ పైకి కనబడుతూ. వెనకాల ఎవరో చెయ్యి కడుక్కోవడానికి వస్తున్న అడుగుల చప్పుడు. గబుక్కున దాన్ని బోర్లా తిప్పి, మీద ఒక పళ్ళెం పెట్టాను.