లకారవత్తు విమోచన ఘట్టం

వైశాఖమాస మార్తాండ ప్రచండ కిరణాలకు విజయవాడ – భద్రాచలం రహదారి మీద తారు కుతకుత ఉడుకుతున్న మిట్టమధ్యాహ్నం. తిరువూరు పురవరాన, జిరాక్సు యంత్ర ఘర్ఘరారావ ముఖరితమైన ఒకానొక నెట్ సెంటర్‌లో, నెత్తిమీది ఫ్యాను చామరం వీస్తుండగా, ఒక చక్రం ఊడిన తిరుగుడు కుర్చీయే సింహాసనంగా, మౌసే మంత్రఖడ్గంగా కొలువుదీరాడు ఒక యువ వీరుడు. పక్కన స్టూలు మీద మామిడితోట ఆసామి. "అబ్బాయ్, మన బంగినపల్లి హైదరాబాదు వాళ్ల ఫోన్లో మెరవాలి" అని ఆయన ఆన.

తెరిచాడయ్యా వెబ్ పేజీలు అల్లే డ్రీమ్‌వీవర్! 1997 డిసెంబరులో మాక్రోమీడియా ఇంట పుట్టి, 2005లో ఇంటితో సహా అడోబీ ఏలుబడిలోకి వచ్చిన మయసభ అది. స్ప్లిట్ వ్యూ నొక్కగానే తెర రెండు లోకాలైంది. పైన డిజైన్ స్వర్గం, కింద కోడ్ పాతాళం. పైన బొమ్మను వేలెడు జరిపితే కింద డివ్‌ల దండు దడదడా కదులుతుంది. కింద ఒక్క బ్రాకెట్ జారితే పైన సౌధాలు కూలతాయి. ఒక లోకంలో తుమ్మితే రెండో లోకంలో జలుబు.

లాగి వదిలాడు పండు ఫొటోను. ఆహా, ఆ పసుపు! ఉదయాద్రి శిఖరాన బాలభానుడు బోర్లా పడుకున్నట్టు! ఇక శీర్షికకు లిపి కావాలి. గూగుల్ ఫాంట్ల ఆస్థానం తలుపు తట్టాడు. శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ... భువనవిజయం భువనవిజయమే డ్రాప్‌డౌన్ మెనూలో వేలాడుతోంది. (అతిశయోక్తి కాదు, ఇవన్నీ నిజంగా ఫాంట్ల పేర్లే.) సాక్షాత్తూ రాయలవారిని ఒక్క స్క్రోలుతో దాటేసి, ఎన్టీఆర్ అనే ఫాంటును వరించాడు. 2022 ఏప్రిల్ నుంచి తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోది కదా, ఆ మాత్రం అభిమానం ఉండొద్దూ?

టకటకా టైపు చేసి, చిటికెనవేలితో ఎంటర్ మీద గదాఘాతం కొట్టాడు.

హా హతవిధీ! తెర మీద "బంగినపలి"! లకారం కింద వెలగాల్సిన వత్తు మాయం! ఆసామి కళ్లజోడు పైకెత్తి, "ఇదేం కాయ అబ్బాయ్? మన తోటలో లేదే!" అన్నాడు.

మౌసుతో మొదలైంది దండయాత్ర. అక్షరాలు పెంచాడు, వత్తు రాలేదు. రంగు మార్చాడు, రాలేదు. పెట్టె పట్టి సాగదీశాడు, తళుక్కున తోక చూపి, ఫోన్ సైజుకు కుదించగానే మళ్లీ తెగిపడింది.

అప్పుడు చొక్కా చేతులు మడిచి దిగాడు కోడ్ పాతాళంలోకి. సీఎస్ఎస్ కీకారణ్యంలో వరుస వరుసా వెతకగా వెతకగా, మీగడలాంటి మర్యాదతో కూర్చున్న జంట రాక్షసులు చిక్కారు. లైన్-హైట్ 1, ఓవర్‌ఫ్లో హిడెన్! వాళ్ల తప్పు మాత్రం ఏముంది? టెంప్లేటు ఆంగ్లాక్షరాల కొలతకు కుట్టింది. తెలుగక్షరమో, నెత్తిన గుడి, కాళ్ల కింద వత్తు, ఒక్కోసారి ఆ వత్తుకూ వత్తు మోస్తూ మూడంతస్తులుగా నిలబడే రాజగోపురం. దానికి ఒక అంతస్తు ఎత్తే ఇచ్చి, మిగిలింది కనబడకుండా కత్తిరించమంటే పాపం లకారవత్తు ఎక్కడ తలదాచుకుంటుంది!

1 చెరిపి 1.7 కొట్టాడు. హిడెన్‌ను పెకలించి విజిబుల్ నాటాడు. సరిగ్గా సేవ్ చేయబోయే వేళకు కరెంటు పోయింది! యూపీఎస్ కుయ్యి కుయ్యిమని పాంచజన్యం పూరించింది. వీరుడు చలించలేదు. ఎడమచేత కంట్రోల్, ఎస్. కుడిచేత రిఫ్రెష్.

గ్రహణం విడిచినట్టు, లకారం పాదమూలాన వత్తు వెలసింది. బంగినపల్లి! ఆసామి లేచి నిలబడ్డాడు. జిరాక్సు కుర్రాడు కాగితాలు వదిలేసి వచ్చి చూశాడు.

నా తీర్పు అడుగుతారా? ఆ పేజీని మొదటినుంచీ చేత్తో రాస్తే పండ్ల సీజను దాటిపోయేది. ఒక్క మౌసునే నమ్ముకుంటే బంగినపలి అనే కొత్త రకమే మార్కెట్టుకు వెళ్లేది. తెలుగు పేజీలు చేసే మహారథులారా, ముందుగా శీర్షికలో "స్త్రీ" అని కొట్టి ఫోన్లో చూసుకోండి. అడుగున ఉన్న వత్తు తెగకుండా కనిపించాకే ఆసామి దగ్గర డబ్బు తీసుకోండి.